ఒకే గాటన కట్టకుండా

ఎద్దుల పందేల దగ్గర నిర్వాహకులు ముందు చూసేది ఎద్దు కండల్ని కాదు, పళ్లని. నోరు తెరిచి మరీ చూస్తారు. పాలపళ్లా, రెండు పళ్లా, నాలుగా, ఆరా అని లెక్కపెట్టి జత ఏ విభాగంలోకి వస్తుందో తేలుస్తారు. దాన్నిబట్టి లాగాల్సిన బండ మారుతుంది. ఇచ్చిన సమయంలో ఎన్ని అడుగులు లాగిందన్నది ఆ తర్వాతి సంగతి. మాది అద్దంకి దగ్గర పల్లెటూరు. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడల్లా నాన్న మమ్మల్ని ఆ పందేలకు తీసుకెళ్లేవారు. "ఏ జత గెలిచిందో అందరూ చూస్తారమ్మా. ఎవరి మీద ఎవరిని దింపారో నువ్వు చూడు. సగం న్యాయం అక్కడే తేలిపోతుంది" అనేవారు.

ఆ మాట ఇన్నేళ్ల తర్వాత పాత రేసు కార్ల నిబంధనలు చదువుతుంటే గుర్తొచ్చింది. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసుకునే నాకు రేసు కార్లతో పనేమిటంటారా? నాన్న వదిలి వెళ్లిన ఫియట్ వల్ల వచ్చిపడింది.

నాన్న రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్‌లో పనిచేశారు. 1979లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు ఆ కారుని. 1967 మోడల్ ఫియట్ 1100డి. 'డిలైట్' అని పిలిచేవాళ్లు. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ వాళ్లు తయారుచేసింది. 1089 సీసీ ఇంజన్, స్టీరింగ్ పక్కనే గేరు కడ్డీ, నల్ల పలక మీద తెల్ల అంకెలు. అప్పట్లో మాదాపూర్ అంటే బండరాళ్లు, సీతాఫలం చెట్లు. ఆ రాళ్ల మధ్య నుంచి ఈ కారు ఎన్నిసార్లు వెళ్లిందో లెక్కలేదు. రెండేళ్ల కిందట నాన్న పోయారు. అమ్మని కొండాపూర్‌లోని మా ఫ్లాట్‌కి తెచ్చుకుంటానంటే ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే: "నేనొస్తే కారూ వస్తుంది."

వచ్చింది. వచ్చి మా పార్కింగ్‌లో మూలన కూర్చుంది. కొన్ని నెలలు ఎవరూ ఏమీ అనలేదు. ఆ తర్వాత అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లు బండ్లన్నిటికీ స్టిక్కర్లు ఇవ్వడం మొదలుపెట్టారు. ఓనర్లకి ఒక రంగు, అద్దెవాళ్లకి ఒక రంగు, విజిటర్లకి ఒకటి. నాలుగోది స్టిక్కర్ లేని జాబితా: కదలని బండ్లు. నెలలోగా తీయించకపోతే బయట పెట్టిస్తామని నోటీసు. సెక్రటరీగారు మర్యాదగానే అడిగారు, "మేడం, మీ పాత కారుని ఏ కేటగిరీలో రాసుకోమంటారు?"

డాలస్ నుంచి తమ్ముడు వీడియో కాల్‌లో దానికి పరిష్కారం చెప్పేశాడు. "ఇంజన్ మార్చేద్దాం అక్కా. స్విఫ్ట్‌ది పెట్టి, ఏసీ, పవర్ స్టీరింగ్ వేయిస్తే పిల్లలు కూడా తోలతారు. పైకి నాన్న కారు, లోపల కొత్త కారు." అమ్మ ఏమీ మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది. నాకేమో వాడి మాటలో తప్పేంటో చెప్పడానికి మాట దొరకలేదు. లోపల మారిపోయాక కూడా అది అదే కారా? దేన్నిబట్టి ఒక పాత కారుని ఫలానా కారు అంటారు? ఈ ప్రశ్నని చాలా సీరియస్‌గా తీసుకుని, పేజీలకి పేజీలు నిబంధనలు రాసుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా అని వెతికితే పాత రేసు కార్లవాళ్లు దొరికారు.

మనకి వింటేజ్ కారు అంటే ఊరేగింపే. తళతళా తుడిచి, దండలేసి, నెక్లెస్ రోడ్డు మీద నెమ్మదిగా నడిపిస్తే మనం ఫొటోలు తీసుకుంటాం. కొన్ని దేశాల్లో మాత్రం వాటితో నిజంగానే రేసులు పెడతారు. ఇంగ్లండ్‌లో గుడ్‌వుడ్ రివైవల్ 1998 నుంచి జరుగుతోంది. మొనాకోలో పాత గ్రాండ్ ప్రి కార్ల పోటీలు, ఫ్రాన్స్‌లో లె మాన్ క్లాసిక్ ఉన్నాయి. 90 ఏళ్ల బుగాటీ కూడా గేరు మార్చి మలుపులో దూసుకుపోతుంది. మరి 1930 నాటి బుగాటీని, 1970 నాటి పోర్షేని ఒకే గీత మీద నిలబెడితే అది పందెం ఎలా అవుతుంది? అందరినీ ఒకే గాటన కట్టకుండా ఎలా విడదీయాలన్నదే వాళ్ల అసలు తలనొప్పి.

మొదటి జల్లెడ వయసు. ప్రపంచ మోటార్ రేసులకి పెద్ద దిక్కైన ఎఫ్‌ఐఏ అనే సంస్థ పాత కార్ల కోసమే ఒక నిబంధనావళి పెట్టింది. దాని పేరు అపెండిక్స్ కె. అందులో కాలాన్ని అక్షరాలుగా కోశారు. 1904 చివరి దాకా ఏ. 1905 నుంచి 1918 దాకా బీ. 1919 నుంచి 1930 సీ. 1931 నుంచి 1946 డీ. 1947 నుంచి 1961 ఈ. 1962 నుంచి 1965 ఎఫ్. 1966 నుంచి 1971 జీ, అందులో మళ్లీ రెండు ముక్కలు. ఆ తర్వాత కూడా ఇలాగే సాగుతుంది. కొన్ని రకాల కార్లకి హద్దు ఒక ఏడాది అటూ ఇటూ జరుగుతుంది. చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు రోల్స్ రాయిస్ చూసే ఉంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డర్ పెట్టి, అది చేతికి రాకముందే 1911లో కన్నుమూశారు. 1912 నాటి ఆ బండి రేసు కారు కాదు గానీ, కాలం లెక్కన బీలో పడుతుంది.

ఈ హద్దులు ఎవరో స్కేలు పెట్టి గీసినవి కావు. 1918 దగ్గర మొదటి ప్రపంచ యుద్ధం ముగిసింది. 1966లో ఫార్ములా వన్ ఇంజన్ పరిమితి ఒకటిన్నర లీటర్ల నుంచి ఒక్కసారిగా మూడు లీటర్లకి పెరిగింది. 1965 కారుని 1966 కారు పక్కన నిలబెడితే తేడా ఒక్క ఏడాదే. ఇంజన్ మాత్రం రెట్టింపు. అందుకే గీత అక్కడ పడింది. అసలు వింటేజ్ అన్న మాటకే బ్రిటన్‌లో కచ్చితమైన అర్థం ఉంది. 1934లో పుట్టిన వింటేజ్ స్పోర్ట్స్ కార్ క్లబ్ లెక్కలో 1930 తర్వాతి కారు వింటేజ్ కాదు. మనమేమో నాన్న పెళ్లినాటి స్కూటర్ని కూడా వింటేజ్ అనేస్తాం.

రెండో జల్లెడ ఇంజన్ పరిమాణం. ఒకే ఏడాది తయారైనా 750 సీసీ కారు, 3000 సీసీ కారు ఒకటి కావు. మళ్లీ ఇక్కడో చిక్కు. ఇంజన్‌లోకి గాలిని బలవంతంగా నెట్టే సూపర్‌చార్జర్ ఉంటే చిన్న ఇంజనే పెద్దదానంత పని చేస్తుంది. అందుకని దానికి వేరే తూకం. 1954 నుంచి 1960 దాకా ఫార్ములా వన్‌లో మామూలు ఇంజన్ అయితే 2500 సీసీ, సూపర్‌చార్జర్ ఉంటే 750 సీసీ మాత్రమే. 1966లో అదే 3000కి 1500 అయింది. చదువుతుంటే నాకు బండ బరువే గుర్తొచ్చింది.

ఇందులో నాకు బాగా నచ్చింది ఇంకోటుంది. లె మాన్ 24 గంటల రేసులో అందరికంటే ఎక్కువ దూరం వెళ్లిన కారుకి ఎలాగూ బహుమతి ఉంటుంది. దానితోపాటు ఇండెక్స్ ఆఫ్ పెర్ఫార్మెన్స్ అని మరో బహుమతి ఉండేది. ఇంజన్ పరిమాణాన్నిబట్టి ఈ కారు ఇంత దూరం వెళ్లాలి అని ముందే లెక్కకడతారు. ఆ లెక్కని ఎవరు ఎక్కువగా దాటితే వాళ్లది గెలుపు. 1950ల్లో పనార్ ఇంజన్ పెట్టుకున్న బుల్లి ఫ్రెంచి కార్లు ఈ బహుమతి పట్టుకుపోయేవి. పెద్ద ఫెరారీలు, జాగ్వార్లు పక్కనుంచి దూసుకుపోతున్నా ఇవి తమ పందెం తాము పరిగెత్తేవి.

మూడో జల్లెడ కారు రకం. రోడ్డు మీద అమ్మే కారుని రేసుకి దింపారా, రేసు కోసమే పుట్టించారా? టూరింగ్ కార్లు, జీటీ కార్లు, స్పోర్ట్స్ ప్రోటోటైప్‌లు, ఒంటి సీటు కార్లు దేనికది వేరు. మరి ఇది మామూలుగా అమ్మే కారేనని రుజువేంటి? ఎన్ని తయారుచేశారో చూపించాలి. అక్కడే తెలివితేటలు బయటపడతాయి. 1960ల మొదట్లో జీటీ తరగతికి 100 కార్లు ఉండాలన్నది నియమం. ఫెరారీ 250 జీటీఓలు 40 కూడా తయారు కాలేదు. ఇది కొత్త కారు కాదు, మా పాత 250 జీటీకే మెరుగులు దిద్దాం అని చెప్పి ఒప్పించుకున్నారు. 1969లో పోర్షేవాళ్లకి 25 కార్లు చూపించాల్సి వచ్చింది. మొదటిసారి తనిఖీకి వచ్చినప్పుడు పూర్తయినవి కొన్నే. మిగతావి విడిభాగాలుగా ఉన్నాయంటే అధికారులు ఒప్పుకోలేదు. ఆ ఏప్రిల్‌లో 917 కార్లని పాతికా వరసగా నిలబెట్టి చూపించారు. ఆ ఫొటో ఇప్పటికీ ప్రసిద్ధం. దొడ్డిలో గొడ్లని లెక్కచూపించినట్టే ఉంటుంది.

మన దగ్గర ఈ విడదీయడాలు లేవనుకోకండి. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1953లో ఏర్పడింది. చెన్నై దగ్గర షోలవరంలో, రెండో ప్రపంచ యుద్ధకాలపు విమానాల రన్‌వే మీద ఏళ్ల తరబడి రేసులు జరిగాయి. అక్కడ మా ఫియట్ అన్నదమ్ములు, అంబాసిడర్లు, స్టాండర్డ్ హెరాల్డులు పరిగెత్తాయి. తర్వాత ఫైబర్ ఒంటి బుల్లి డాల్ఫిన్లు వచ్చాయి. ఫ్యామిలీ కార్లు, ప్రత్యేకంగా కట్టిన ఫార్ములా కార్లు వేర్వేరు తరగతులు. కోయంబత్తూరులో స్థిరపడ్డ తెలుగు నాయుళ్ల కుటుంబంలో పుట్టిన కరివర్ధన్ ఇంకో దారి పట్టారు. 1980ల చివర్లో మారుతీ 800 ఇంజన్‌తో ఒంటి సీటు రేసు కార్లు కట్టించారు. అదే ఫార్ములా మారుతీ. అందరికీ అదే కారు, అదే 796 సీసీ ఇంజన్. తేడా ఇక డ్రైవర్లోనే. 1995లో విమాన ప్రమాదంలో ఆయన పోయాక, కోయంబత్తూరు రేసు ట్రాక్‌కి ఆయన పేరే పెట్టారు.

అంటే సమన్యాయానికి రెండు దారులన్నమాట. అందరికీ ఒకే కారు ఇవ్వడం ఒకటి. 2023 ఫిబ్రవరి 11న మన హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ రేసు చాలావరకు ఈ దారే. అన్ని జట్లకీ ఒకే చాసిస్, ఒకే బ్యాటరీ. రెండోది, ఎవరి కారు వాళ్లకి ఉండనిచ్చి, సాటి కార్లతోనే దింపడం. పాత కార్లకి ఆ మొదటి దారి ఎలాగూ కుదరదు. రెండోదే గతి.

ఇక నాలుగో జల్లెడ. నాకు కావాల్సిన జవాబు అక్కడే ఉంది. కారు ఏ ఏడాది తయారైందన్నది ఒక్కటే చూడరు. ఇప్పుడు ఏ రూపంలో ఉందో చూస్తారు. ఆ మోడల్ ఆ కాలంలో ఏ ఇంజన్‌తో, ఏ బ్రేకులతో, ఏ గేర్‌బాక్స్‌తో పరిగెత్తిందో కాగితాలతో, ఫొటోలతో నిరూపించాలి. నిరూపిస్తే హిస్టారిక్ టెక్నికల్ పాస్‌పోర్ట్ ఇస్తారు. దానికి పదేళ్ల గడువు. అపెండిక్స్ కె ప్రకారం కారు తేదీని నిర్ణయించేది దాని స్పెసిఫికేషన్. పుట్టిన తేదీయే అక్కర్లేదు. 1964 కారుకి 1970 నాటి భాగాలు బిగించి 1964 గుంపులోకి వస్తానంటే కుదరదు. పళ్లు చూసినట్టు ఒక్కో భాగాన్నీ చూస్తారు.

ఇది చదివి వెంటనే కిందికి వెళ్లి నాన్న కారు చుట్టూ ఒకసారి తిరిగాను. ముందున్న గ్రిల్ డిలైట్‌ది కాదు, పద్మినిది. 1983లో చీమకుర్తి దగ్గర బర్రె అడ్డమొస్తే ముందుభాగం నుజ్జయింది. పాత గ్రిల్ దొరక్క నాన్న పద్మిని గ్రిల్ వేయించారు. లోపల డైనమో తీసేసి ఆల్టర్నేటర్ పెట్టించింది కూడా ఆయనే. తమ్ముడు పుట్టిన రాత్రి దారిలో లైట్లు మసకబారాయని. అంటే ఈ నియమం ప్రకారం మాది 1967 కారే కాదు! 1967 కారు కావాలంటే ఆ గ్రిల్ తీసేయాలి, ఆల్టర్నేటర్ తీసేయాలి. అంటే నాన్న చేతులు పడ్డ చోట్లన్నీ తుడిచేయాలి. అప్పుడది ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కారు అవుతుంది. మా కారు అవదు.

ఆఫీసులో ఆ నెల మార్కులు వేసే కాలం. మా టీమ్‌లో 54 ఏళ్ల ఆయనొకరున్నారు. మెయిన్‌ఫ్రేమ్‌ల కాలంలో వచ్చిన మనిషి. పట్టుబట్టి క్లౌడ్ నేర్చుకున్నారు. నేర్చుకున్నందుకు ఆయనకి దక్కిందేంటయ్యా అంటే, 26 ఏళ్ల కుర్రాళ్లతో కలిపి ఒకే వరసలో ర్యాంకు. కొత్త భాగం బిగిస్తే కొత్త గుంపులోకి తోసేస్తారు మరి! రేసులవాళ్లు దానికి తోడు ఇంజన్ తూకం, రకం కూడా చూస్తారు. మా స్ప్రెడ్‌షీట్‌లో ఒక్కటే నిలువు గీత. ఈసారి ర్యాంకుల మీటింగ్‌లో అదే అడిగాను. ఆయన కట్టిన పాత సిస్టమ్‌లు ఏడాదంతా ఒక్కసారి కూడా పడిపోలేదు, ఆ పని చేసినవాళ్లు ఆ కుర్రాళ్లలో ఎవరున్నారు, ఎవరితో పోలుస్తున్నాం అని. పై గుంపు ఇవ్వలేదు గానీ, కింది గుంపులోంచి పేరు తీసేశారు.

కారు సంగతికొస్తే, మన ప్రభుత్వానికీ ఒక పుస్తకం ఉంది. 2021లో కేంద్రం వింటేజ్ బండ్ల రిజిస్ట్రేషన్‌కి నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటాలి. చాసిస్‌లో గానీ, బాడీ షెల్‌లో గానీ, ఇంజన్‌లో గానీ పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. కొత్తగా రిజిస్టర్ చేయిస్తే నంబరులో వీఏ అన్న అక్షరాలు వస్తాయి, ఫీజు 20,000. ముందే నంబరున్న బండ్లకి పాత నంబరు ఉంచుకోవచ్చు. గ్రిల్, ఆల్టర్నేటర్ ఈ మూడింట్లోకీ రావు. స్విఫ్ట్ ఇంజన్ మాత్రం ఖాయంగా వస్తుంది. తమ్ముడికి ఇదే చెప్పాను. "ఇంజన్ మారిస్తే ఏ పుస్తకంలోనూ దీనికి చోటు ఉండదురా. పాతవాటిలో కలవదు, కొత్తవాటితో సరితూగదు." వాడు కాసేపు ఆగి, "గ్రిల్ ఉంచుతావుగా?" అన్నాడు.

వాడు అడిగింది అదొక్కటే. ఇంజన్ మాట మళ్లీ ఎత్తలేదు.

వింటేజ్ నంబరు తీసుకుందామా అంటే అమ్మ పెద్ద ప్రశ్నే వేసింది. ఆ రిజిస్ట్రేషన్ ఉన్న బండిని ప్రదర్శనలకి, ర్యాలీలకి, పెట్రోలుకి, మరమ్మతులకి, అలాంటి వాటికే బయటికి తీయాలి. రోజువారీగా వాడకూడదు. "అంటే ఆ గౌరవం ఇస్తే గుడికి వెళ్లకూడదా?" అంది అమ్మ. కూడదు. "అయితే మనకెందుకే ఆ గౌరవం?"

ముషీరాబాద్ నుంచి ఒక ముసలి మెకానిక్‌ని పిలిపించాం. బానెట్ ఎత్తి, చెవి దగ్గర పెట్టి విని, "ఇంజన్ ఖరాబ్ కాలే మేడం, పండుకున్నది అంతే" అన్నాడు. కార్బురేటర్ విప్పి కడిగాడు, రబ్బరు గొట్టాలు మార్చాడు, బ్రేకులు మళ్లీ కట్టాడు. మూడు వారాలు పట్టింది. గ్రిల్ దగ్గరికొచ్చేసరికి "ఇది పద్మినిది, అసలుది దొరికిస్తా" అన్నాడు. "అసలుది ఇదే" అంది అమ్మ. ఆర్‌సీ రెన్యువల్ చేయించాం, గ్రీన్ ట్యాక్స్ కట్టాం. మామూలు కారుకి ఎలాగో అలాగే. అసోసియేషన్ సెక్రటరీగారు ఉత్సాహంగా, "వింటేజ్ అని కొత్త కేటగిరీ పెడదామా మేడం?" అన్నారు. వద్దండీ, ఓనర్ అని రాయండి చాలు అన్నాను. అమ్మ పేరు రాశారు.

ఇప్పుడు ప్రతి శుక్రవారం నేను తోలితే అమ్మ పక్కన కూర్చుని చందానగర్ గుడికి వెళ్లొస్తోంది. కొత్తగూడ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు రెండో గేరులో వెళ్తుంటాం. వెనకనుంచి ఒకటే హారన్లు. మొదట్లో కంగారుపడేదాన్ని. ఇప్పుడు ఎడమ పక్కకి తప్పుకుని దారిచ్చేస్తున్నా. వాళ్లది మా విభాగం కాదుగా.